పారేసిన యంత్రానికి ప్రాణం పోసేముందు: చేయవలసినవి, చేయకూడనివి

తుక్కుకు పోతున్న మిక్సీని విప్పి చూస్తే చాలాసార్లు దాని జబ్బు చిన్నదే అయి ఉంటుంది. కార్బన్ బ్రష్షులు అరిగిపోయి ఉంటాయి, అడుగున ఉండే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోయి ఉంటుంది, లేకపోతే కప్లర్ పళ్లు ఊడిపోయి ఉంటాయి. మెల్లగా తిరిగే సీలింగ్ ఫ్యానుకు తరచుగా కావలసింది ఒక కొత్త కెపాసిటర్. బిగుసుకుపోయిన టేబుల్ ఫ్యానుకు బుష్షులు శుభ్రం చేసి నాలుగు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేస్తే మళ్లీ తిరుగుతుంది. విడిభాగాల కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో, పాత సామాన్ల కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపికగా వెతికే కుర్రాళ్లన్నా, రిటైరయ్యాక ఈ పని మొదలుపెట్టిన పెద్దలన్నా నాకు గౌరవం. డబ్బు మిగులుతుంది, తుక్కు తగ్గుతుంది, చేతికి పనితనం వస్తుంది.

అయితే యంత్రం తిరగడం వేరు, ముట్టుకున్న మనిషికి హాని లేకుండా తిరగడం వేరు. సరదాగా మరమ్మతు చేసేవాళ్లు ఎక్కువగా మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. మోటారు తిరగగానే సంబరపడి మూత బిగించేస్తారు. తర్వాత ఆ గ్రైండర్‌ని తడి చేతులతో, చెప్పులు లేకుండా, తడి గచ్చు మీద నిలబడి వాడేది ఇంట్లో వాళ్లు. ఈ జాగ్రత్తలన్నీ ముందు వాళ్ల కోసం, తర్వాతే బాగుచేసే మనిషి కోసం.

ముట్టుకోవలసినవి, వదిలేయవలసినవి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టేబుల్ ఫ్యాను, సీలింగ్ ఫ్యాను, మిక్సీ, వెట్ గ్రైండర్, కుట్టుమిషన్ మోటారు లాంటివి ఎంచుకోండి. వీటిలో దాగి ఉండే ప్రమాదాలు తక్కువ, లోపం కంటికి కనిపిస్తుంది, విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

మైక్రోవేవ్ ఓవెన్ విప్పకండి. ఇది సలహా కాదు, నిషేధమనే అనుకోండి. మన ఇంట్లోకి వచ్చే 230 వోల్టులను దానిలోని ట్రాన్స్‌ఫార్మర్ 2,000 వోల్టులకు పైగా పెంచుతుంది. పక్కనే ఉండే కెపాసిటర్ ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా ప్రాణం తీసేంత కరెంటును దాచుకుని ఉండగలదు. దాన్ని నెమ్మదిగా ఖాళీ చేయడానికి లోపల ఒక రెసిస్టర్ పెడతారు కానీ, పాడైన ఓవెన్‌లో అదే పాడై ఉండవచ్చు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటికి తీసి చెక్క మీద మెరుపుతీగల్లాంటి గీతలు కాల్చే ప్రయోగం అమెరికాలో పలువురి ప్రాణాలు తీసింది. వీడియో చూసి ఆ పనికి దిగకండి.

పాత డబ్బా టీవీ కూడా అంతే. పిక్చర్ ట్యూబుకు 20,000 వోల్టులకు పైగా అందుతుంది, టీవీ ఆపేశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. ట్యూబు లోపల గాలి ఉండదు కాబట్టి మెడ దగ్గర దెబ్బ తగిలితే లోపలికి కుంగి పగిలి, గాజు పెంకులు నాలుగు వైపులా ఎగురుతాయి. ఆ గాజులో సీసం ఉంటుంది. గ్యాస్ గీజర్‌నూ, ఉబ్బిపోయిన లిథియం బ్యాటరీ ఉన్న ఏ వస్తువునూ ఇంటికి తీసుకురాకండి. వదిలేయడం కూడా పనితనంలో భాగమే.

విప్పే ముందు

ప్లగ్గు సాకెట్‌లోంచి తీసి, మీ కళ్లకు కనిపించే చోట బల్ల మీద పెట్టుకోండి. గోడ మీద స్విచ్ ఆపితే చాలదు. మన ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట స్విచ్ ఆపినా యంత్రం లోపల ఫేజు అలాగే ఉంటుంది. టెస్టర్ వెలగలేదని ధైర్యపడకండి. టెస్టర్‌లోని చిన్న బల్బు పోయి ఉండవచ్చు, మందపాటి రబ్బరు చెప్పులు వేసుకున్నా వెలగకపోవచ్చు. ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి.

ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు తీసేయండి. చున్నీ, పైట, వదులు చొక్కా చేతులు, విరబోసుకున్న జుట్టు తిరిగే మోటారు దగ్గరికి రాకూడదు. మిక్సీ మోటారు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుంది, అది కొంగు పట్టుకుంటే స్విచ్ వెతుక్కునే వ్యవధి ఇవ్వదు. పొడిగా ఉన్న చెక్క బల్ల, కాళ్లకు రబ్బరు చెప్పులు, మంచి వెలుతురు ఉండాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పరీక్షలు చేయకండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లోని మరొకరికి చూపించి ఉంచండి.

మన ఊళ్లకు సంబంధించిన జాగ్రత్త ఒకటి పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వసారాలోనో డాబా మీదో పడి ఉన్న వాషింగ్ మెషీన్‌లో, కూలర్‌లో తేళ్లు, కందిరీగలు, ఎలుకలు కాపురం ఉంటాయి. ఆరుబయట పెట్టి, పొడవాటి కర్రతో తట్టి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని వెనక మూత తీయండి. ఎలుకల మూత్రంతో జబ్బులు వస్తాయి కాబట్టి ఆ చెత్తను పొడిగా ఊడ్చవద్దు. బ్లీచింగ్ కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డను బాగా పిండి, దానితో తుడవండి.

దాచుకున్న కరెంటు

ప్లగ్గు తీసేస్తే కరెంటు పోయినట్టే అన్న నమ్మకం కెపాసిటర్ దగ్గర చెల్లదు. ఫ్యాను కెపాసిటర్ చిన్నది, అయినా చెయ్యి ఝల్లుమనిపిస్తుంది. స్టూలు మీద నిలబడి ఉన్న మనిషికి ఆ ఝల్లు చాలు కిందపడటానికి. వాషింగ్ మెషీన్‌ది ఇంకా పెద్దది. టీవీ పవర్ బోర్డులోనూ ఇండక్షన్ స్టవ్ బోర్డులోనూ ఉండే కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉండవచ్చు. ఐదు పది నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌తో కొలిచి, వోల్టేజి పోయిందని నిర్ధారించుకున్నాకే వేలు పెట్టండి. స్క్రూ డ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి టప్పుమనిపించడం చాలామంది చేసే పని. నిప్పురవ్వ కంట్లో పడవచ్చు, కెపాసిటర్ పగలవచ్చు. తగిన రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న వైర్లకు బిగించి దానితో ఖాళీ చేయండి.

మార్చేటప్పుడు పాతదాని మీద ఏ విలువ ఉందో అదే వేయాలి. 2.5 మైక్రోఫారడ్ ఉన్న సీలింగ్ ఫ్యానుకు గాలి ఎక్కువ వస్తుందని పెద్దది వేస్తే వైండింగ్ వేడెక్కి మాడుతుంది. వోల్టేజి రేటింగు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తగ్గకూడదు. సీలింగ్ ఫ్యాను విషయంలో కరెంటుతో పాటు బరువు కూడా ప్రమాదమే. రాడ్డు బోల్టులకు స్ప్లిట్ పిన్నులు ఉన్నాయా, షాకిల్ రబ్బరు చీకిపోయిందా చూడకుండా ఎవరి తల మీదా ఫ్యాను వేలాడదీయకండి.

ఎర్త్ విషయంలో రాజీ పడకండి

ఇనుప ఒళ్లున్న ప్రతి యంత్రానికీ ఎర్త్ వైరు ఉండి తీరాలి. లోపల ఫేజు వైరు ఊడి ఒంటికి తగిలితే ఆ కరెంటుకు దారి చూపేది అదే. లేకపోతే ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. పారేసిన యంత్రాల్లో ఎక్కువగా కనిపించేది తెగిన ఎర్తే. పాత యజమాని మూడు పిన్నుల ప్లగ్గు పగిలినప్పుడు రెండు పిన్నులది బిగించి, ఆకుపచ్చ వైరును కత్తిరించేసి ఉంటాడు. మల్టీమీటర్ ఒక కొస ప్లగ్గు పెద్ద పిన్నుకూ, రెండో కొస యంత్రం ఒంటి మీద పెయింటు లేని చోటా పెట్టండి. ఒక ఓముకు లోపు చూపాలి. అంతకంటే ఎక్కువ చూపితే తుప్పు గీకి, వాషర్ వేసి, మళ్లీ బిగించండి.

యంత్రంలో ఎర్త్ ఉన్నా సాకెట్‌లో లేకపోతే ఫలితం లేదు. సాకెట్ పై రంధ్రం వెనక వైరే లేని ఇళ్లు పాతవాటిలోనే కాదు, కొత్తవాటిలోనూ ఉన్నాయి. ఒకసారి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపించండి. ఎర్త్ లేదు కదా అని దాన్ని న్యూట్రల్‌కు కలిపేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున యంత్రం ఒళ్లంతా 230 వోల్టులు వస్తాయి.

కూలర్ గురించి కాస్త ఎక్కువ చెప్పక తప్పదు. ఏటా ఎండాకాలంలో కూలర్ షాకుతో ప్రాణాలు పోయిన వార్తలు మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. రేకు ఒళ్లు, అడుగున నీళ్లు, నీళ్లలో పంపు, చుట్టూ తడిసిన నేల, చెప్పులు లేని కాళ్లు, ఆడుకునే పిల్లలు. షాకుకు కావలసినవన్నీ ఒకే చోట ఉన్నాయి. పాత కూలర్‌ను బాగుచేసేటప్పుడు పంపు మార్చడం మీద ఉన్న శ్రద్ధ పంపు వైరు మీద ఉండదు. పంపుతో వచ్చిన వైరు పొట్టిగా ఉందని ముక్క అతికి, టేపు చుట్టి, ఆ అతుకును నీళ్లలో వదిలేస్తారు. ఏ టేపూ నీళ్లలో నెలల తరబడి ఆగదు. అతుకు నీటి మట్టానికి పైన, మూత ఉన్న డబ్బాలో ఉండాలి. రేకును వైరు దాటే రంధ్రానికి రబ్బరు గ్రామెట్ వేయాలి, లేకపోతే అదురుకు రేకు అంచు వైరును కోసేస్తుంది. ఒంటికి, ఫ్యాను మోటారు ఫ్రేముకు విడివిడిగా ఎర్త్ బిగించండి. కూలర్ ఎవరికిచ్చినా ప్లగ్గు తీశాకే నీళ్లు పోయాలని నోటితో చెప్పండి, ఒంటి మీద కూడా రాసి ఇవ్వండి.

డైరెక్ట్ చేయకండి

ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, గీజర్ లాంటి వాటిలో వేడి హద్దు దాటకుండా థర్మోస్టాట్, దానికి తోడుగా ఒక థర్మల్ ఫ్యూజు ఉంటాయి. అవి పోయినప్పుడు రెండు వైర్లూ కలిపేసి 'డైరెక్ట్ చేయడం' మన బజార్లలో మామూలైపోయింది. దీనంత చెడ్డ అలవాటు ఈ పనిలో మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ రోజుకు అన్నం ఉడుకుతుంది, ఇస్త్రీ వేడెక్కుతుంది. ఆపడం మరిచిన రోజున ఇల్లు కాలుతుంది. ఫ్యూజు మీద ఎంత ఉష్ణోగ్రత రాసి ఉందో అదే ఉష్ణోగ్రతది కొని వేయండి. దాన్ని సోల్డరింగ్ చేస్తే ఆ వేడికే అది పోతుంది కాబట్టి క్రింప్ స్లీవుతో నొక్కి కలపండి.

స్టోరేజి గీజర్‌లో వేడితో పాటు పీడనం కూడా ఉంటుంది. థర్మోస్టాట్ డైరెక్ట్ చేసి, పైగా సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని బిరడా పెట్టి మూసేస్తే ఆ ట్యాంకు పేలుతుంది. తుప్పు పట్టిన ట్యాంకుకు అతుకు వేయకండి, తుక్కుకు ఇచ్చేయండి. బకెట్లో వేసే హీటర్ రాడ్డు పగిలినా, పైపొర లేచినా బాగుచేయదగ్గ వస్తువు కాదు.

పాత ఇస్త్రీ పెట్టెల్లో, టోస్టర్లలో, పాత హీటర్ వైర్ల చుట్టూ తెల్లగానో బూడిద రంగులోనో పీచులా ఉండే పొర ఆస్బెస్టాస్ కావచ్చు. గీకకండి, ఊదకండి. తడిపి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ యంత్రాన్ని వదిలేయండి.

ఫ్రిజ్

తలుపు రబ్బరు, లైటు, థర్మోస్టాట్, రిలే దాకా మార్చుకోవచ్చు. గ్యాసు పైపుల జోలికి వెళ్లకండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. వంటగ్యాసులో ఉండే బ్యూటేన్ జాతిదే, మండుతుంది. పైపు కోసి, పక్కనే టార్చి వెలిగిస్తే మంట అంటుకుంటుంది. కంప్రెసర్ మీది చీటీ చదవకుండా ఏ ఫ్రిజ్‌కూ పని మొదలుపెట్టకండి. అంతకు ముందు తరం ఆర్-134ఏ మండదు కానీ గాలిలోకి వదిలితే భూమిని వేడెక్కించే వాయువు.

బాగుచేయడానికి తెచ్చి పక్కన పెట్టిన ఫ్రిజ్‌కు మొదటి రోజే తలుపు ఊడదీయండి. దాగుడుమూతలు ఆడుతూ పిల్లలు లోపలికి దూరితే ఊపిరాడదు. ఇలా పిల్లలు చనిపోతున్నారనే అమెరికాలో 1956లో ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలని చట్టం చేశారు. తలుపు ఊడదీయడానికి మూడు నిమిషాలు పట్టదు, వాయిదా వేయకండి.

నీట మునిగినవి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పరిసర కాలనీలు మునిగినప్పుడు వేల ఇళ్లలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బురదనీటిలో నానాయి. అలాంటివి తక్కువ ధరకు వస్తాయి, ఎండబెట్టి ప్లగ్గు పెడితే తిరుగుతాయి కూడా. అక్కడే మోసపోతాం. పైన ఆరినా వైండింగ్ మధ్యన తేమ, ఒండ్రు మిగిలి ఉంటాయి. మంచి నీటితో కడిగి, రోజుల తరబడి నీడలో గాలికి ఆరబెట్టి, స్విచ్‌లు, కెపాసిటర్లు, కనెక్టర్లు కొత్తవి వేసి, ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ పరీక్ష (దాని గురించి కింద చెప్పాను) నెగ్గాకే కరెంటు ఇవ్వండి. మునిగిన ఇన్వర్టర్ బ్యాటరీని, లిథియం బ్యాటరీని తిరిగి వాడకండి.

పొగ, దుమ్ము, మంట

శుభ్రం చేయడానికి పెట్రోలు వాడకండి. కార్బన్ బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు సహజం, ఆవిరి మిగిలి ఉంటే భగ్గుమంటుంది. సోల్డరింగ్ కిటికీ దగ్గర చేయండి, సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి, పసిపిల్లలను ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి. మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఫ్యాను రెక్కలను, మెషీన్ ఒళ్లను పొడి గరుకు కాగితంతో రుద్దకండి, తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. రాగి కోసం వైర్లు తగలబెట్టడం మానండి. ఆ పొగ విషం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పనికిరాని బోర్డులు, వైర్లు, ట్యూబులు చేరవలసింది నమోదైన రీసైక్లర్ల దగ్గరికి.

మూత బిగించాక

మొదటిసారి నేరుగా సాకెట్‌లో పెట్టకుండా 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు తయారు చేసుకోండి. యంత్రం లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఫ్యూజు పోదు, నిప్పు రాదు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఒక మెలిక ఉంది. ఇస్త్రీ పెట్టె లాంటి హీటర్లు బాగున్నా బల్బు దాదాపు పూర్తిగానే వెలుగుతుంది. వాటిని ఓముల్లో కొలవాలి. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు మీటరు 53 ఓములకు దగ్గరగా చూపాలి.

సిరీస్ బల్బు షార్ట్‌ను పట్టిస్తుంది కానీ ఒంటికి లీకయ్యే కరెంటును పట్టించదు. దానికి 500 వోల్టుల మెగ్గర్ కావాలి. మోటారు వైండింగ్ షాపులో ఉంటుంది, అడిగితే చూసి చెబుతారు. ఫేజు, న్యూట్రల్ పిన్నులు కలిపి, వాటికీ ఒంటికీ మధ్య కొలిపించండి. యంత్రం స్విచ్ ఆన్‌లో ఉంచాలని మరవకండి. ఒక మెగా ఓముకు తక్కువైతే ఆ యంత్రానికి ప్లగ్గు పెట్టవద్దు. మామూలు మల్టీమీటర్ కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది కాబట్టి ఈ లోపాన్ని చూడలేదు.

తర్వాత ఒక గంట దగ్గరుండి నడపండి. మాడిన వాసన, గరగర, ప్లగ్గు వేడెక్కడం, వీటిలో ఏది కనిపించినా ఆపేయండి. ఇతరులకు ఇచ్చేటప్పుడు ఏం మార్చారో చీటీ రాసి అంటించండి. పరీక్ష నెగ్గనిదాన్ని బీదవాళ్లకు ఉచితంగా ఇవ్వడం దానం కాదు. అలాంటిదాని వైరు కత్తిరించి తుక్కులో వేయండి.

షాకు కొడితే

పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. అందకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని విడదీయండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు ఐదు సెంటీమీటర్లు లోతుకు నొక్కుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. గుండె లయ తప్పితే బయటికి కనిపించదు.

అసలు ఈ మరమ్మతుల పని మొదలుపెట్టే ముందు మీ ఇంటి స్విచ్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఏడు వాట్ల బల్బు వెలగడానికి పట్టేంత కరెంటు ఒంటి గుండా నేలకు పోయినా అది సరఫరాను కోసేస్తుంది. ఎంసీబీ ఆ పని చేయదు, అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. రెండు చేతులతో ఫేజునూ న్యూట్రల్‌నూ పట్టుకుంటే మాత్రం ఆర్‌సీసీబీకి కూడా తెలియదు, కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తల్లో ఏదీ దీనివల్ల తగ్గదు. మీ బోర్డులో ఉంటే దాని మీది టెస్ట్ బటన్ ఈరోజే నొక్కి చూడండి, పడిపోవాలి. లేకపోతే కొత్త సోల్డరింగ్ ఐరన్ కొనడం వాయిదా వేసి, ముందు ఎలక్ట్రీషియన్‌తో దాన్ని పెట్టించండి.